రెడ్ అలర్ట్ 2 కోసం ఏ కలెక్షన్ కొనాలి? విండోస్ 11లో నడుస్తుందా?

పిఠాపురం_ప్రిజం:

అందరికీ నమస్తే. హాస్టల్లో రెడ్ అలర్ట్ 2 (బేస్ కట్టి, ట్యాంకులతో యుద్ధం చేసే పాత కంప్యూటర్ ఆట) పిచ్చి పట్టిన బ్యాచ్ మాది. పెళ్లిళ్లు, పిల్లలు, ఈఎంఐలు అన్నీ అయ్యాక ఇప్పుడు ముగ్గురం మిగిలాం. నేను కాకినాడ, ఒకడు హైదరాబాద్, ఇంకొకడు మస్కట్. ఆదివారం రాత్రుళ్లు మళ్లీ మొదలుపెడదామని వాట్సాప్ గ్రూపులో తీర్మానం చేసేశారు. ఎక్కించే బాధ్యత మాత్రం నా నెత్తిన పడింది, సీడీ నా దగ్గరుంది కాబట్టి.

సీడీ అంటే గొప్పగా ఊహించుకోకండి. మార్కర్‌తో "ఆర్ఏ2 + యూరి" అని రాసిన కాపీ సీడీ. యూరి అంటే ఆ ఆట అదనపు భాగం, యూరిస్ రివెంజ్. కొత్త ల్యాప్‌టాప్‌కి డ్రైవే లేదు. ఆఫీసులో ఒకాయన్ని అడిగి యూఎస్‌బీ డ్రైవ్ తెచ్చుకుని ఫోల్డర్ కాపీ చేశాను. ఓపెన్ చేస్తే నల్ల స్క్రీన్. వెనక మ్యూజిక్ దంచేస్తోంది, మౌస్ బాణం కదులుతోంది, మెనూ లేదు. బటన్ ఉండాల్సిన చోట బాణం పెడితే ఆ ఒక్కటీ కనిపించి మాయమవుతోంది. తడుముకుంటూ ఎలాగో స్కిర్మిష్‌లోకి, అంటే కంప్యూటర్‌తో ఆడే విడి ఆటలోకి వెళ్లాను. పవర్ ప్లాంట్ పెట్టానో లేదో, నా బేస్ మొత్తం దానంతటదే పేలిపోయింది! శత్రువు మొహం కూడా చూడలేదు.

ఇక కొనేద్దామని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో వెతికితే రెండు కనిపించాయి. ఒకటి కమాండ్ అండ్ కాంకర్ (రెడ్ అలర్ట్ ఈ సిరీస్‌దే) రీమాస్టర్డ్ కలెక్షన్, రెండోది అల్టిమేట్ కలెక్షన్. మొదటిది ఫొటోల్లో ధగధగా మెరిసిపోతోంది. రెండోదాని రివ్యూలు చదివితే ఒకడు సూపర్ అంటాడు, ఇంకొకడు ఓపెనే కాలేదంటాడు. ఏది కొనాలి? వేర్వేరు ఊళ్ల నుంచి కలిసి ఆడొచ్చా? ఒక్కరం కొంటే ముగ్గురికీ సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, మావాళ్లు రోజూ గ్రూపులో ప్రాణం తీస్తున్నారు.

నెట్‌సెంటర్_మావయ్య:

ముందు ఆ పేలుడు సంగతి చెప్తాను తమ్ముడూ. వైరస్ కాదు, విండోస్ 11 తప్పు అంతకన్నా కాదు. అది ఆట లోపలే పెట్టిన తాళం. కాపీ అని అనుమానం వస్తే ఓ అర నిమిషం ఆడనిచ్చి బేస్ పేల్చేస్తుంది. ఇదే సిరీస్‌లోని జనరల్స్ ఆటలోనూ ఇదే వేషం. తెనాలిలో నాకు నెట్ సెంటర్ ఉండేది. అప్పట్లో ఈ పేలుడు జరిగినప్పుడల్లా "అంకుల్, వీడు చీట్ కోడ్ కొట్టాడు" అని పక్క సిస్టం కుర్రాడి కాలర్ పట్టుకునేవాళ్లు. పాపం వాడికీ అదే క్షణంలో పేలుండేది.

రీమాస్టర్డ్ కొనకు. మంచిది కాదని కాదు, అందులో రెడ్ అలర్ట్ 2 లేదు. 2020 జూన్‌లో వచ్చిన ఆ కలెక్షన్‌లో ఉన్నవి 1995 నాటి మొదటి కమాండ్ అండ్ కాంకర్, 1996 నాటి మొదటి రెడ్ అలర్ట్, వాటి అదనపు డిస్కులు. అంతే. రెడ్ అలర్ట్ 2లో బాంబులేసే కిరోవ్ లేదు, ప్రిజం ట్యాంక్ లేదు, యూరి లేడు. పేరులో కలెక్షన్ అని చూసి అన్నీ ఉంటాయనుకుని కొని, నాకు ఫోన్ చేసి తిట్టుకున్నవాళ్లున్నారు.

నీకు కావాల్సింది అల్టిమేట్. దాని చరిత్ర కాస్త తెలుసుకుంటే రివ్యూలు అలా ఎందుకున్నాయో అర్థమవుతుంది. ఈ ఆటలన్నీ కట్టగట్టి అమ్మడం 2006లో ఫస్ట్ డెకేడ్ అనే డీవీడీతో మొదలైంది. జనరల్స్ జీరో అవర్ దాకా, అదనపు డిస్కులతో కలిపి 12 టైటిల్స్. మా సెంటర్‌లో డబ్బులు పెట్టి కొన్న ఒరిజినల్ గేమ్ అదొక్కటే. మా బావగారు అమెరికా నుంచి తెచ్చారు. అప్పటిదాకా ఆట మారాలంటే సీడీ మార్చాలి. ఆ సీడీలు ట్రేలో గీతలుపడి గీతలుపడి చివరికి సిస్టం ఊగిపోయే శబ్దం చేసేవి. ఒక్క డీవీడీలో అన్నీ వచ్చేసరికి నాకు నిజంగా పండగే. తర్వాత 2012లో అల్టిమేట్ కలెక్షన్ డౌన్‌లోడ్ రూపంలో వచ్చింది. నాలుగో భాగం దాకా కలిపి 17 టైటిల్స్. అదే 2024 మార్చిలో స్టీమ్‌కి ఎక్కింది.

అసలు విషయం ఏంటంటే, ఇలాంటి కట్టలో ఉండేది పాత ఆటే. కొత్తగా రాసిందేమీ కాదు. అప్పుడప్పుడు నాలుగు మరమ్మతులు చేసి పెడతారు. లోపలి ఇంజను మాత్రం 2000 నాటిదే. ఆ ఇంజను బొమ్మ గీయడానికి డైరెక్ట్‌డ్రా అనే పాత పద్ధతి వాడుతుంది, ఇప్పటి విండోస్‌కి దాంతో సరిగ్గా పొసగదు. నీ మెనూ మాయమైంది అందుకే. ఒకరి సిస్టంలో ఏ గొడవా లేకుండా నడుస్తుంది, పక్కవాడికి నల్ల స్క్రీన్ వస్తుంది. అందుకే రివ్యూలు చెరో దారిలో ఉన్నాయి.

ఇక నెట్‌వర్క్. రెడ్ అలర్ట్ 2 ల్యాన్ ఆట, అంటే ఒకే చోట సిస్టంలు కలిపి ఆడేది, ఐపీఎక్స్ అనే ప్రోటోకాల్ (సిస్టంలు మాట్లాడుకునే పద్ధతి) మీద నడిచేది. ఎక్స్‌పీలో లోకల్ ఏరియా కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి, ఇన్‌స్టాల్, ప్రోటోకాల్, అందులో ఎన్‌డబ్ల్యూలింక్ ఐపీఎక్స్ ఎంచుకోవాలి. సిస్టం ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ ఇది మళ్లీ చెయ్యాలి. ఒక్క సిస్టంలో మర్చిపోయానా, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి లాబీ ఖాళీగా కనిపిస్తుంది. "అంకుల్, నాకు ఎవరూ రావట్లేదు" అని అరుపు. గంటకి ఇరవై రూపాయలు ఇచ్చినవాడు, అరవడా మరి! విస్టా వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ ఆ ఐపీఎక్స్‌ని పీకి పారేసింది. కాబట్టి నువ్వు ఒరిజినల్ కొన్నా, పెట్టెలో వచ్చింది వచ్చినట్టుగా పాత ల్యాన్ మెనూ నొక్కితే పని జరగదు.

ఈ రెండు జబ్బులకీ మందు ఆట అమ్మే ఈఏ కంపెనీ దగ్గర లేదు, అభిమానుల దగ్గర ఉంది. ఇలా చెయ్యి. స్టీమ్‌లో కొని ఇన్‌స్టాల్ చేశాక ముందు ఉన్నది ఉన్నట్టు ఓసారి ఓపెన్ చేసి చూడు. నడిస్తే అదృష్టం. తర్వాత సీఎన్‌సీనెట్ అనే అభిమానుల బృందం వాళ్ల యూరిస్ రివెంజ్ క్లయింట్ (ఆటని నడిపి, నెట్‌లో కలిపే ప్రోగ్రాం) దించుకుని, ఆట ఉన్న ఫోల్డర్‌లో ఎక్కించు. ఉచితమే. అందులో ఆప్షన్స్‌కి వెళ్లి రెండరర్ (బొమ్మ గీసే పద్ధతి) అనే చోట సీఎన్‌సీ-డీడ్రా పెట్టు. నల్ల స్క్రీన్ గొడవ వదిలిపోతుంది. స్క్రీన్ సైజు కూడా అక్కడే మార్చుకోవచ్చు. మరీ పెద్దది పెట్టకు, ట్యాంకులు చీమల్లా కనిపిస్తాయి. ఇక కాకినాడ, హైదరాబాద్, మస్కట్ అంటావా, ముగ్గురూ అదే క్లయింట్ తెరిచి ఒకే రూమ్‌లో చేరితే చాలు. రౌటర్‌లో పోర్టులు తెరిచే తలనొప్పి లేదు.

ఒక్క కాపీతో ముగ్గురు మాత్రం కుదరదు. ముగ్గురూ కొనండి. ఫ్యామిలీ షేరింగ్‌లోనూ ఒక కాపీ మీద ఒక సమయంలో ఒక్కరే ఆడగలరు. సేల్ దాకా ఆగితే ధర బాగా దిగుతుంది.

బ్యాక్‌బెంచ్_మెకానికల్:

మావయ్య చెప్పిందంతా కరెక్టే, ఒక్కదాంట్లో తప్ప. రీమాస్టర్డ్‌ని ఒక్క లైన్‌లో తీసిపారేశారు. పాత ఆటని మళ్లీ ఎలా అమ్మాలో నేర్పిన ప్యాకేజీ అది. ప్రిజం బ్రో, రెడ్ అలర్ట్ 2 కోసం అల్టిమేట్ కొను, సరే. కానీ చేతిలో ఇంకొన్ని డబ్బులుంటే ఇదీ వదలకు.

ఎందుకంటే అది అసలు మనుషుల చేత చేయించారు. ఈ ఆటలు పుట్టిన వెస్ట్‌వుడ్ స్టూడియోని 2003లో మూసేశాక, అక్కడివాళ్లు కొందరు లాస్ వేగస్‌లోనే పెట్రోగ్లిఫ్ అని పెట్టుకున్నారు. రీమాస్టర్ పని వాళ్లకే ఇచ్చారు. బొమ్మలు మలేషియాలోని లెమన్ స్కై వాళ్లు గీశారు. సంగీతం మళ్లీ ఫ్రాంక్ క్లెపాకీదే. మొదటి ఆటలో "కన్‌స్ట్రక్షన్ కంప్లీట్" అనే ఆ ఆడగొంతు ఉంది చూడండి, దానికి కూడా అప్పటి మనిషినే పిలిచి మళ్లీ చెప్పించారు.

నాకు బాగా నచ్చింది స్పేస్ బార్. ఒక్కడివే ఆడేటప్పుడు స్పేస్ నొక్కితే అదే క్షణంలో 1996 నాటి చుక్కల బొమ్మ వస్తుంది, మళ్లీ నొక్కితే కొత్తది. మా అబ్బాయికి చూపిస్తే పది నిమిషాలు ఆట మానేసి అదే నొక్కుతూ కూర్చున్నాడు. పాత బొమ్మలో హార్వెస్టర్ (ఖనిజం మోసే బండి) ఓ పసుపు ముద్ద, కొత్తదాంట్లో టైర్ల మీద బురద కూడా కనిపిస్తుంది. హార్వెస్టర్ బుద్ధి మాత్రం రెండింటిలోనూ ఒకటే. దగ్గర్లో ఉన్న ఖనిజం వదిలేసి శత్రువు టెస్లా కాయిల్ (కరెంటుతో కొట్టే టవర్) పక్కకే పోతుంది వెధవది. అది మార్చకపోవడమే మంచిది. దారి వెతికే తెలివి మారిస్తే మిషన్ల కష్టం మొత్తం మారిపోతుంది.

వీడియోలే కాస్త బాధ. అసలు మాస్టర్ టేపులు కంపెనీ దగ్గర దొరకలేదు. దాంతో ఆటలో ఉన్న చిన్న సైజు వీడియోలనే ఏఐతో పెద్దవి చేశారు. మొహాలు కొన్నిచోట్ల మైనం బొమ్మల్లా ఉంటాయి. షూటింగ్ తాలూకు విడి టేపులు కొన్ని దొరికితే వాటిని బోనస్‌గా పెట్టారు. నటులు డైలాగ్ మర్చిపోయి నవ్వేవి కూడా ఉన్నాయి.

ఇంకో మాట. రీమాస్టర్‌తో పాటే ఆ రెండు ఆటల కోడ్ కొంత బయట పెట్టారు. 2025 ఫిబ్రవరిలో ఇంకా ముందుకెళ్లి మొదటి ఆట, రెడ్ అలర్ట్, రెనిగేడ్, జనరల్స్-జీరో అవర్ సోర్స్ కోడ్ జీపీఎల్ (ఎవరైనా వాడుకుని మార్చుకోగల) లైసెన్సు కింద ఇచ్చేశారు. జనరల్స్ ఆడేవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. డాక్యుమెంట్స్‌లో ఆప్షన్స్ ఫైల్ ఒక్కటి లేకపోతే "సీరియస్ ఎర్రర్, వైరస్ కావచ్చు, హార్డ్‌వేర్ వేడెక్కి ఉండొచ్చు" అని బెదిరించి మూసుకునేది. ఆ మెసేజ్ చూసి సీపీయూ ఫ్యాన్ ఊడదీసి దుమ్ము దులిపినవాళ్లు మా హాస్టల్లోనే ఉన్నారు.

పిఠాపురం_ప్రిజం:

మావయ్యా, బ్రో, ఇద్దరికీ థ్యాంక్స్. ఆ పేలుడు కథ గ్రూపులో పెట్టాను. ఇరవై ఏళ్ల కిందటి ఒక పెద్ద గొడవకి ఇవాళ తీర్పు దొరికింది. ఎవరు ఎవరికి సారీ చెప్పాలో తేలట్లేదు, అది వేరే సంగతి.

కొత్త చిక్కు ఏంటంటే, మస్కట్ వాడి దగ్గరున్నది మ్యాక్‌బుక్. "మీ విండోస్ గోల నాకొద్దు" అంటున్నాడు. వాడికి దారి ఉందా? లేకపోతే వాడి బదులు కంప్యూటర్‌నే పెట్టుకోవాలి. కంప్యూటరే బాగా ఆడుతుందిలెండి, కానీ బాగోదు కదా.

ప్లేనో_ప్రవాసి:

మీ ముగ్గురూ ఎంపైర్స్‌కి వచ్చేయండి, గొడవ వదిలిపోద్ది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పుట్టింది మా డల్లాస్‌లోనే, ఎన్సెంబుల్ స్టూడియోస్‌లో. 2009లో దాన్ని మూసేశారు. నేను ఇక్కడికొచ్చేసరికి బోర్డు కూడా లేదు.

ఆ కథా ఇలాంటిదే. విండోస్ 7లో పాత ఎంపైర్స్ 2 పెడితే నీళ్లు ఎర్రబడేవి, గడ్డి ఊదారంగు అయ్యేది. ఆట 256 రంగుల పట్టిక అడుగుతుంది, అదే సమయంలో వెనక డెస్క్‌టాప్ ఆ పట్టికలో వేలు పెట్టేది. టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ఎక్స్‌ప్లోరర్‌ని చంపేసి ఆడుకునేవాళ్లం. ఆట అయ్యాక టాస్క్ బార్ లేక బిక్కమొహం వేసి సిస్టం రీస్టార్ట్ చేసేవాళ్లు కొందరు. 2013లో హెచ్‌డీ అన్నారు, 2019 నవంబర్లో డెఫినిటివ్ ఎడిషన్ అన్నారు. ఇప్పుడు జనం ఆడేది ఈ రెండోదే.

దాంట్లో మనకి పనికొచ్చే ముక్క 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా. అంతకుముందు మన దేశం మొత్తానికి ఇండియన్స్ అని ఒకే జాతి ఉండేది. దాన్ని హిందుస్తానీలుగా మార్చి ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు అని కొత్తగా మూడు చేర్చారు. ద్రావిడుల కథ రాజేంద్ర చోళుడిది. రాజమండ్రి రాజరాజ నరేంద్రుడికి పిల్లనిచ్చిన మామగారే ఆయన. మా ఇంట్లో ఆ మిషన్ ఆడుతుంటే మా నాన్న వెనక నిలబడి నన్నయ దగ్గర మొదలెట్టారు. నా పడవలు మునిగిపోయాయి, ఆయన ఉపన్యాసం ఆగలేదు.

కాకపోతే పాతదాన్ని చంపి కొత్తది అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3 అనే పాత ఆటకి కొత్త రూపంగా రీఫోర్జ్‌డ్ వచ్చినప్పుడు, కొత్తది కొనకుండా పాతదే ఆడుకునేవాళ్ల మీద కూడా ఆ కొత్త ప్రోగ్రామే రుద్దారు. ర్యాంకింగులు, క్లాన్లు విడుదల రోజుకి లేవు. ఉన్నవాడి దగ్గర లాక్కుని అమ్మడం అంటే అదే.

నెట్‌సెంటర్_మావయ్య:

ప్రవాసి గారూ, ఎంపైర్స్ మీద నాకు కోపమేం లేదు. మా సెంటర్‌లో అది ఆడేవాళ్లు నెమ్మదిగా, మర్యాదగా ఉండేవాళ్లు. మౌస్‌లు విరిగేది రెడ్ అలర్ట్ వైపే.

మ్యాక్ సంగతి. తమ్ముడూ, అల్టిమేట్ గానీ రీమాస్టర్డ్ గానీ మ్యాక్‌కి లేవు. రెండు దారులున్నాయి. ఒకటి ఓపెన్ఆర్ఏ. అభిమానులు కొత్తగా రాసిన ఇంజను, ఉచితం, మ్యాక్‌లో హాయిగా నడుస్తుంది. కానీ అందులో పూర్తిగా ఉన్నవి మొదటి కమాండ్ అండ్ కాంకర్, మొదటి రెడ్ అలర్ట్, డ్యూన్ 2000. నీకు కావాల్సిన రెండోది కాదు. ఇంకొకటి క్రోనో డివైడ్. రెడ్ అలర్ట్ 2ని బ్రౌజర్లో నడిచేలా అభిమానులు తిరగరాసిన ప్రాజెక్టు. అసలు ఆట ఫైళ్లు మాత్రం నువ్వే చూపించాలి. మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. అయితే మస్కట్ వాడు అందులో, మీరిద్దరూ సీఎన్‌సీనెట్‌లో అంటే కలవదు. ముగ్గురూ ఒకే చోట ఉండాలి. ముందు ముగ్గురూ బ్రౌజర్లో ఓ ఆట వేసి చూడండి. వాడి లైన్ తట్టుకుంటే అక్కడే స్థిరపడండి. యూరి లేకుండా అసలు ఆటే ఉంటుంది అందులో. మీకు యూరి కావాలంటే వాడు ఓ పాత విండోస్ ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాల్సిందే. ఈ ఆటకి గ్రాఫిక్స్ కార్డు కూడా అక్కర్లేదు.

మెకానికల్ బాబూ, నీ మాట ఒప్పుకుంటా, రీమాస్టర్డ్ పని శ్రద్ధగా చేశారు. అందుకే నాకు అల్టిమేట్ మీద ఇంకా ఒళ్లు మండుతుంది. నువ్వు చెప్పిన ఆ కోడ్ జాబితా ఇంకోసారి చూడు. రెడ్ అలర్ట్ 2 లేదు, టైబీరియన్ సన్ లేదు. మన కుర్రాళ్లు ఎక్కువ ఆడిందే రెడ్ అలర్ట్ 2! కోడ్ చేతిలో లేకుండానే సీఎన్‌సీనెట్ వాళ్లు బయటి నుంచి అతుకులేసి ఇన్నేళ్లు నడిపిస్తున్నారు. 17 టైటిల్స్ కట్టి అమ్మేటప్పుడు ల్యాన్ బటన్ పనిచేసేలా చూడటం పెద్ద కోరికా? ఐపీఎక్స్ పోయి ఎన్నేళ్లయింది! కోడ్ లేకపోయినా ఆ పిలుపుల్ని ఇప్పటి విండోస్‌కి తెలిసిన యూడీపీ పద్ధతికి మళ్లించే చిన్న డీఎల్ఎల్ ఫైల్ ఒక్కటి పక్కన పెడితే సరిపోయేది, అభిమానులు చేసింది అదే. నా దృష్టిలో ఇలాంటి కట్ట కొంటే మనకి దక్కేది ఆడుకునే హక్కు. అది కూడా ముఖ్యమే, బేస్ పేలదు కదా. కానీ "కొత్త కంప్యూటర్ల కోసం" అని అమ్మేటప్పుడు ఆ మాటకి తగ్గ పని కూడా చెయ్యాలి.

హీరోస్ 3 అనే ఇంకో పాత ఆట సంగతి గుర్తుందా ఎవరికైనా? 2015లో హెచ్‌డీ ఎడిషన్ అని తెచ్చారు. అదనపు భాగాలు రెండూ లేవు, వాటి సోర్స్ కోడ్ పోయిందట. జనం పాత కంప్లీట్ ఎడిషనే కొనుక్కుని దానికి అభిమానుల మోడ్ తగిలించుకున్నారు. కోడ్‌ని బీరువాలో పెట్టి తాళంచెవి పారేసుకుంటే ఇలాగే ఉంటుంది.

బ్యాక్‌బెంచ్_మెకానికల్:

ల్యాన్ విషయంలో మావయ్యకే నా ఓటు. ప్రిజం బ్రో, ఒక చిన్న టిప్. సీఎన్‌సీనెట్‌లో గేమ్ స్పీడ్ చూసుకుని పెట్టు. ఒరిజినల్ స్కిర్మిష్‌లో స్పీడ్ చివరిదాకా జరిపితే ఇప్పటి ప్రాసెసర్ల మీద మనుషులు ఎలుకల్లా పరిగెడతారు. మన వయసుకి ఆ స్పీడ్ వద్దు.

పిఠాపురం_ప్రిజం:

అప్‌డేట్. అల్టిమేట్ కొన్నాను. నాకు ఓపెన్ అయింది కానీ మెనూలో అదే దాగుడుమూతలు. క్లయింట్ ఎక్కించి సీఎన్‌సీ-డీడ్రా పెట్టాక మెనూ మొత్తం కనిపించింది. బేస్ పేలలేదు! హైదరాబాద్ వాడితో నిన్న రాత్రి ఒక ఆట కూడా అయింది, బ్రూటల్ కంప్యూటర్లు రెండింటి మీద ఇద్దరం. కిరోవ్‌లు వచ్చేదాకా బాగానే నిలబడ్డాం.

మస్కట్ వాడు బ్రౌజర్ దారి ఈ శుక్రవారం చూస్తానన్నాడు, అక్కడ వాడికి సెలవు అప్పుడే. ఇప్పుడు రూల్స్ మీద గొడవ. హాస్టల్ రూల్ ప్రకారం మొదటి పది నిమిషాలు ఎటాక్ లేదు, సూపర్ వెపన్స్ లేవు, ఇంజనీర్‌తో పక్కవాడి బిల్డింగ్ పట్టుకోవడం నిషేధం. హైదరాబాద్ వాడు ఇంజనీర్ రూల్ ఎత్తేయమంటున్నాడు. మావయ్యా, మీ సెంటర్‌లో ఏం రూల్ ఉండేది?

నెట్‌సెంటర్_మావయ్య:

ఇంజనీర్లకి అడ్డు లేదు, బేస్ చుట్టూ కుక్కల్ని పెట్టుకోవడం నేర్చుకోమనేవాణ్ణి. ఒకే రూల్ ఉండేది, ఓడినవాడు కీబోర్డు కొట్టకూడదు. కొడితే నూట యాభై. ఆదివారం నేను కూడా ఖాళీయే, నాలుగో ప్లేయర్ కావాలంటే రూమ్ పాస్‌వర్డ్ మెసేజ్ పెట్టు. ఆటలో ఇరాక్ దేశం నాది, ముందే చెప్తున్నా.